పాత బొమ్మరైలు ట్రాన్స్‌ఫార్మర్: బండి బాగానే నడుస్తోంది, డబ్బా ముట్టుకుంటే మాత్రం జివ్వుమంటోంది

సూదీదారం:

అందరికీ నమస్కారం. కుట్టుమిషన్ మోటారు విప్పి బ్రష్‌లు మార్చి మళ్ళీ బిగించేంత వరకు నాకు వచ్చు. అంతకు మించి కరెంటు పని తెలియదు. కాబట్టి ఏమీ తెలియని మనిషికి చెప్పినట్టే చెప్పండి, నేనేమీ అనుకోను.

మా పెద్దమామయ్య వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద నుంచి ఒక చెక్కపెట్టె దిగింది. అందులో మూడు పట్టాల బొమ్మరైలు. ఇంజను, నాలుగు బోగీలు, గుండ్రంగా పరిచే పట్టాలు, ఇనప రేకు డబ్బాలో ఒక ట్రాన్స్‌ఫార్మర్. డబ్బా మీద ఒక ఎర్ర పిడి. సున్నా నుంచి కుడికి తిప్పుతుంటే బండి వేగం పెరుగుతుంది. సున్నా దాటించి ఎడమకి ఒక్కసారి నొక్కి వదిలితే బండి దిశ మారుతుంది. నేమ్‌ప్లేట్ మీద అరిగిపోగా మిగిలినదాంట్లో 220 వోల్టులు, 50 సైకిల్స్, 30 వీఏ అని చదవగలిగాను. అవుట్‌పుట్ 4 నుంచి 16 వోల్టులు.

జరిగింది చెప్తాను, తిట్టకండి. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. అది పక్కన నిలబడి తొందరపెడుతుంటే వైరు ఎలా ఉందో కూడా చూడకుండా ప్లగ్ పెట్టేశాను. బండి కదిలింది! అన్నేళ్ళు అటక మీద పడున్నది మొదటిసారికే కదిలేసరికి ఇద్దరం ఎగిరి గంతేశాం. ఓ పది నిమిషాలు నడిపాక డబ్బాని కొంచెం పక్కకి జరపబోతే చేతి వెనకభాగానికి చీమలు పాకినట్టు అనిపించింది. మళ్ళీ తాకాను, మళ్ళీ జివ్వు. వెంటనే ప్లగ్ పీకేశాను.

తర్వాత వైరు చూస్తే గుండె ఆగింది. పైన గుడ్డ అల్లిక ఉన్న రెండు తీగల వైరు. డబ్బాలోకి దూరేచోట వంచితే లోపలి రబ్బరు చాక్‌పీసులా పొడిపొడిగా రాలింది. టెస్టర్ స్క్రూడ్రైవర్‌తో ఒకసారి చూద్దామని ప్లగ్ పెట్టి డబ్బాకి ఆనిస్తే లైటు వెలిగింది. ప్లగ్ తిప్పి పెడితే అదే లైటు సన్నగా, ఉందా లేదా అన్నట్టు వెలిగింది. ఇక ముట్టుకోలేదు.

నా అనుమానాలు: వైరు ఒక్కటి మారిస్తే సరిపోతుందా? ఆ జివ్వుమనడం వైరు వల్లా, లోపల వైండింగ్ పోయిందా, ఎలా తెలుస్తుంది? బండి ఇంత చక్కగా నడుస్తోంది కదా, ట్రాన్స్‌ఫార్మర్ మంచిదే అనుకోవచ్చా? అన్నిటికంటే ముఖ్యం, దీన్ని పిల్ల చేతికి ఇవ్వొచ్చా?


వైండింగ్‌షాపు:

అమ్మా, ముందు ఆ ప్లగ్‌ని టేపుతో చుట్టేసి పక్కన పెట్టండి. ఇంట్లో ఇంకెవరైనా వచ్చి "నడుస్తుందా చూద్దాం" అని పెట్టకుండా. నేను ముప్పై ఏళ్ళకి పైగా మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టాను. మా దగ్గరికి వచ్చిన ప్రమాదాల్లో సగం "నడుస్తోంది కదా" అన్నవే.

మీ మూడో ప్రశ్నకి మొదట జవాబు. బండి నడుస్తోందంటే ప్రైమరీ (గోడవైపు చుట్టు) తెగలేదు, సెకండరీ (పట్టాలవైపు చుట్టు) తెగలేదు అని మాత్రమే అర్థం. గోడ నుంచి వచ్చే 230 వోల్టులకీ, మీ చెయ్యి తగిలే రేకుకీ మధ్య ఉన్న కాగితం, వార్నిష్, రబ్బరు ఎలా ఉన్నాయో బండికేం తెలుసు? ఇన్సులేషన్ మొత్తం చచ్చినా బండి హాయిగా తిరుగుతూనే ఉంటుంది.

జివ్వుమనడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, వైండింగ్‌కీ కోర్‌కీ (మధ్యలోని ఇనప దిమ్మెకీ) మధ్య సహజంగా ఉండే కెపాసిటెన్స్ వల్ల, అంటే ఒకదాన్నొకటి తాకకపోయినా, పోయే అతి సన్నటి లీకేజీ. ఎర్త్ లేని రేకు డబ్బాల్లో ఇది ఉంటుంది, మనిషిని చంపదు. రెండోది, ఎక్కడో ఇన్సులేషన్ పాడై కరెంటు నేరుగా దారి వెతుక్కోవడం. ఇది ఇవాళ చీమలా ఉంటుంది, వైరు అర మిల్లీమీటరు జరిగితే రేపు పాములా ఉంటుంది. టెస్టర్‌లో ఉన్న నియాన్ దీపానికి ఈ రెండిటికీ తేడా తెలియదు, దేనికైనా వెలుగుతుంది. ప్లగ్ తిప్పితే వెలుగు తగ్గిందంటున్నారు. ఒక కొసలోనే తేడా ఉందనడానికి అది ఒక ఆనవాలు, నా అనుమానం వైరు దూరేచోటే. కానీ అనుమానంతో ఇలాంటివి మూయకూడదు, కొలవాలి.

కొలవడం ఎలాగంటే:

ప్లగ్ గోడలో లేకుండా, పట్టాలకి వెళ్ళే తీగలు కూడా ఊడదీసి, ముందు మామూలు మల్టీమీటర్‌తో ప్లగ్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. మీది చిన్నది కాబట్టి నూరు ఓమ్స్ చుట్టుపక్కల రావచ్చు. సెకండరీలో ఒక ఓమ్ అటూఇటూ. అది వైండింగ్ తెగలేదని చెప్తుంది, అంతే. అదే మల్టీమీటర్‌తో పిన్నుకీ డబ్బాకీ మధ్య చూసి "ఏమీ లేదు, సేఫ్" అనుకునేవాళ్ళు చాలామంది. మల్టీమీటర్ లోపల ఉన్నది కొద్దిపాటి వోల్టుల బ్యాటరీ. దాని ముందు కుళ్ళిన రబ్బరు కూడా బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. 230 ముందు ఎలా ఉంటుందో చూడాలంటే 500 వోల్టులు పెట్టి అడగాలి. దాన్నే మెగ్గర్ అంటాం. తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది, ఆయన్నే కొలవమనండి, మీరు పక్కన ఉండి చూడండి.

మూడు రీడింగులు రాసుకోండి. ప్లగ్ రెండు పిన్నులూ కలిపి, వాటికీ డబ్బాకీ మధ్య ఒకటి. పిన్నులకీ సెకండరీ స్క్రూలకీ మధ్య ఒకటి. సెకండరీకీ డబ్బాకీ మధ్య ఒకటి. రెండోది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే పట్టాల మీద పిల్ల చెయ్యి పడుతుంది. 1 మెగాఓమ్ (పది లక్షల ఓమ్స్) ఉంటే చాలని వదిలేసేవాళ్ళున్నారు. నా చేతిలో అయితే పాత బొమ్మ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ 20 కంటే తక్కువ చూపిస్తే దాన్ని మళ్ళీ గోడకి పెట్టను. బాగున్నది వందల్లో చూపిస్తుంది.

తక్కువ వస్తే గాభరా పడొద్దు. వైరు విప్పేసి, ఒట్టి వైండింగ్ మీద మళ్ళీ కొలవమనండి. దొంగ ఎక్కడున్నాడో అప్పుడు తెలుస్తుంది.


పాతసామాను:

నేను పాత రైళ్ళు పోగు చేస్తాను, కొంచెం వేరే మాట చెప్తాను. బాబాయ్ గారు చెప్పిన కొలతలన్నీ నిజమే. కానీ వైరు మార్చేముందు ఫొటోలు తీసుకోండి, పాత వైరు, ప్లగ్ పారేయకండి. ఒరిజినల్ వైరు ఉన్న సెట్టుకి విలువ వేరు. నా అల్మరాలో ఉన్నవాటిల్లో సగానికి వైరు మార్చలేదు. అందుకే వాటిని ప్లగ్‌లో పెట్టను, చూసుకుంటాను అంతే. నడపాలనుకున్నవాటికి మాత్రం మార్చేస్తాను.

విప్పేటప్పుడు రెండు జాగ్రత్తలు. కొన్ని పాత డబ్బాలు స్క్రూలతో కాకుండా రేకు నాలుకలు మడిచి మూసి ఉంటాయి. వాటిని ఒకసారి తెరిస్తే పర్లేదు, రెండోసారి మడిస్తే విరుగుతాయి, కాబట్టి ఏం చేయాలో అంతా ఆలోచించుకుని తెరవండి. రెండోది, లోపల బూడిదరంగు పీచు అట్టలాంటిది కనిపిస్తే గీకొద్దు, ఊదొద్దు. ఆ కాలంలో వేడి తగిలేచోట ఆస్బెస్టాస్ వాడేవారు, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. అలాంటిది కనిపిస్తే డబ్బా మూసేసి ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని బొమ్మగా ఉంచుకోవడమే.

పిడి కింద నల్లటి చిన్న కార్బన్ చక్రమో, కార్బన్ ముక్కో ఉంటుంది. అది సెకండరీ వైండింగ్ మీద, వార్నిష్ తీసేసిన రాగి చుట్ల మీద పాకుతూ వెళ్తుంది. పిడి తిప్పితే వోల్టేజీ పెరగడం అంటే ఎక్కువ చుట్లని లెక్కలోకి తీసుకోవడమే. లోహం కాకుండా కార్బన్ ఎందుకు పెట్టారంటే, పక్కపక్క చుట్లు రెండిటినీ ఒకేసారి తాకినప్పుడు ఆ రెండు చుట్లూ షార్ట్ అయి కాలిపోకుండా కార్బన్ కొంత అడ్డుపడుతుంది. అది అరిగిపోయి వెనకున్న ఇత్తడి రాగిని తాకితే ఆ చుట్టు నల్లబడి కాలుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితం మాత్రం పెట్టొద్దు.

ఇంకొకటి, ఇది చదివే మిగతావాళ్ళకి. నేమ్‌ప్లేట్ మీద 115 అనో 117 అనో ఉంటే అది అమెరికా సరుకు. లయొనెల్ వాళ్ళ జెడ్‌డబ్ల్యూ లాంటి నాలుగు పిడుల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ అక్కడి కరెంటుకి, 60 సైకిల్స్‌కి చేసినవి. 230 గోడకి నేరుగా పెడితే క్షణాల్లో పొగ. మధ్యలో వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా 50 సైకిల్స్ మీద అవి మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతాయి.


కూతపెట్టే_ఇంజను:

మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. నాది రెండు పట్టాల బండి, 12 వోల్టుల డీసీ కంట్రోలర్. అది కూడా పాతదే. నిన్న నడుపుతుంటే ఒక్కసారిగా భరించలేని కుళ్ళు వాసన, కుళ్ళిన వెల్లుల్లిలాగా. బండి నెమ్మదించి ఆగిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటారా?


వైండింగ్‌షాపు:

కూతపెట్టే ఇంజను గారూ, కిటికీలన్నీ తెరిచి ఆ గదిలోంచి బయటికి రండి. అది ట్రాన్స్‌ఫార్మర్ వాసన కాదు. వార్నిష్ కాలితే వాసన వేరు, అది ఒకసారి చూసినవాడు మర్చిపోడు. మీది సెలీనియం రెక్టిఫయర్. ఏసీని డీసీ చేయడానికి ఆ కాలంలో రేకుల దొంతరలా పెట్టేవారు. కాలితే వచ్చే పొగ విషం. చల్లారాక, గాలి బాగా ఆడేచోట, చేతికి గ్లవ్స్ వేసుకుని ఆ దొంతరని తీసేసి సిలికాన్ బ్రిడ్జి రెక్టిఫయర్ పెట్టించండి. ఒక్కటి గుర్తుంచుకోండి. సెలీనియం రేకు ఒక్కోటి ఒక వోల్టు దాకా మింగేది, సిలికాన్ అంత మింగదు. కొత్తది పెట్టాక పట్టాల మీద వోల్టేజీ ఎక్కువ వస్తుంది. మీటర్ పెట్టి చూసుకోకుండా పాత మోటార్లు నడపొద్దు.

సూదీదారం గారూ, మీది ఏసీ బండి, మీకు ఈ బాధ లేదు.


సిగ్నల్‌దీపం:

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను, కొంచెం కటువుగా చెప్తే ఏమీ అనుకోకండి. పిల్లల చేతికి దీన్ని ఇవ్వకూడదు. ఎంత బాగు చేసినా ఇవ్వకూడదు. ఇప్పుడు బొమ్మల ట్రాన్స్‌ఫార్మర్లకి విడిగా ఐఈసీ 61558 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఒక భాగమే ఉంది. యూరప్ నిబంధనల్లో ఎలక్ట్రిక్ బొమ్మ 24 వోల్టులు దాటకూడదు. గోడవైపు వైండింగ్‌కీ బొమ్మవైపు వైండింగ్‌కీ మధ్య రెండింతల ఇన్సులేషన్ ఉండాలి. పాత డబ్బాలో రెండు వైండింగులు ఒకదానిమీద ఒకటి చుట్టి, మధ్యలో కొన్ని పొరల కాగితం ఉండొచ్చు. కొత్త వైరు వేసినంత మాత్రాన ఆ కాగితం కొత్తదవదు.

ఇంకో విషయం. 220కి చేసినదాన్ని 230, 240 మీద నడుపుతున్నాం. దిశ మార్చే పల్స్ ఇలాంటి బళ్ళకి 24 వోల్టులు. గోడలో 240 ఉంటే అది 26 దాటుతుంది, లోడ్ లేనప్పుడు ఇంకా పైకి పోతుంది. మీ పాత ఇంజనులోని రిలే తట్టుకుంటుంది, దాని పని అదే. కానీ డిజిటల్ డీకోడర్ (ఇంజనుని నడిపే ఎలక్ట్రానిక్ చిప్పు) ఉన్న కొత్త ఇంజను పొరపాటున కూడా ఆ పట్టాల మీద పెట్టకండి. ఒక్క నొక్కుకి డీకోడర్ పోతుంది.


వైండింగ్‌షాపు:

సిగ్నల్‌దీపం గారి మాట మొదటి సగం నేను ఒప్పుకుంటాను. పిల్ల ఒంటరిగా దీన్ని ముట్టుకోకూడదు. రెండో సగం దగ్గర చిన్న తేడా ఉంది. కాగితం పాతదే, కానీ బొమ్మ కోసం చేసినవాళ్ళు ఆ కాగితం దగ్గర పిసినారితనం చూపించలేదు. నేను విప్పినవాటిల్లో వైండింగ్ దెబ్బతిన్నవి తక్కువ, వైరు చచ్చినవి చాలా ఎక్కువ. అందుకే కొలవమంటున్నాను. కొలత బాగుంటే పెద్దవాళ్ళు నడుపుకోవచ్చు.

ఇక నా సొంత తప్పు ఒకటి చెప్తాను, ఇది ఎవరూ చెప్పరు. ఒకసారి స్నేహితులం పెద్ద బల్ల మీద పట్టాలు పరిచి, ఒకటే లూపుకి రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కలిపాం, బలం సరిపోవడం లేదని. ఒకటి వేడెక్కుతోంది. దాని ప్లగ్ గోడలోంచి నేనే పీకాను. పీకిన ప్లగ్ చేతిలో పట్టుకుని, పిన్నుల మీద వేలు పెట్టి ఏదో మాట్లాడుతున్నాను. కొట్టిన షాక్‌కి కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. ముప్పై ఏళ్ళు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టినవాణ్ణి! ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందూ వెనకా తేడా లేదు. రెండోదాని నుంచి పట్టాల మీదకి వచ్చిన 16 వోల్టులు నా ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలోకి దూరి, ప్రైమరీలో 220 అయి, నా చేతిలోని పిన్నుల దాకా వచ్చాయి. గోడలోంచి పీకిన ప్లగ్ కూడా ప్రాణాలు తీయగలదు. ఒక లూపుకి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. బలం చాలకపోతే లూపుని రెండు ముక్కలుగా విడదీయండి, ట్రాన్స్‌ఫార్మర్లని మాత్రం కలపకండి.


సూదీదారం:

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు వారాలు పట్టింది, ఇదిగో రిపోర్టు.

మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ అబ్బాయి మెగ్గర్ తెచ్చాడు. పిన్నుల మధ్య 96 ఓమ్స్, సెకండరీ 0.9. మెగ్గర్ పిడి తిప్పాడు. పిన్నులకీ డబ్బాకీ మధ్య ముల్లు పైకి లేవనే లేదు, 0.3 మెగాఓమ్ దగ్గర ఆగింది. అతను నా వైపు చూసి "అక్కా, దీన్ని పది నిమిషాలు నడిపారా?" అన్నాడు. నేను మాట మార్చాను.

డబ్బాకి అడుగున నాలుగు స్క్రూలే, మడత నాలుకలు లేవు, అదృష్టం. పీచు అట్టలేమీ లేవు. వైరు దూరే కంత దగ్గర ఉండాల్సిన రబ్బరు బుష్ గట్టిపడి, సగానికి చీలి, ఒక ముక్క లోపల పడి ఉంది. రేకు అంచు వైరులోకి దిగిపోయింది. భూతద్దం పెట్టి చూశాను. గుడ్డ అల్లిక చీలిన చోట రబ్బరు లేదు, రాగిపోగు ఒకటి బయటికి వెంట్రుకలా లేచి ఉంది. దాని చుట్టూ రేకు మీద పెన్సిలుతో గీసినట్టు నల్లటి చార. తాకీతాకనట్టు ఉంది. సూదిలో దారం ఎక్కించేవాళ్ళకి అలాంటి ఒక్క పోగు ఎంత సన్నగా ఉంటుందో తెలుసు, దానిమీద ఆధారపడి నా బిడ్డని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

పాత వైరు విప్పేశాక ఒట్టి వైండింగ్ మీద మళ్ళీ కొలిచాడు. ఈసారి ముల్లు ఇటు చివర నుంచి అటు చివరకి వెళ్ళిపోయింది. 500 మెగాఓమ్ దాటిందన్నాడు. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య కూడా అంతే, సెకండరీకీ డబ్బాకీ మధ్య కూడా అంతే. అంటే దొంగ వైరే కదా బాబాయ్ గారూ? కొత్త వైరు ఎలా వేయాలో చెప్పండి. ఆ అబ్బాయే వేస్తాడు, కానీ ఏం చూడాలో నాకు తెలియాలి.


వైండింగ్‌షాపు:

దొంగ వైరే. 230ని మూడు లక్షల ఓమ్స్‌తో భాగించండి, ముప్పాతిక మిల్లీయాంపు వస్తుంది. మీ చేతికి చీమలు పాకినట్టు అనిపించింది సరిగ్గా అదే. ఆ పోగు పూర్తిగా ఆనుకుని ఉంటే లెక్క వేరుగా ఉండేది.

ఇప్పుడు చూడవలసినవి. వైరు మూడు తీగలది కావాలి. గుడ్డ అల్లికతోనే, లోపల ఇప్పటి ఇన్సులేషన్‌తో మూడు తీగల వైర్లు దొరుకుతాయి, పాతసామాను గారికి కూడా కంటికి ఇంపుగా ఉంటుంది. మూడో తీగ ఎర్త్, ఆకుపచ్చ పసుపు చారలది. దాన్ని డబ్బా లోపలివైపు రేకుకి బిగించాలి. బిగించేచోట రంగు గీకి తళతళలాడే ఇనుము కనిపించాలి. రంగు మీద బిగించిన ఎర్త్ ఉత్తుత్తి ఎర్త్. కొసకి రింగు లగ్, పళ్ళున్న వాషరు, నట్టు. కోర్ కూడా ఆ రేకుకి కలిసి ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడమనండి. లోపల ఎర్త్ తీగని మిగతా రెండిటికంటే కొంచెం పొడుగ్గా వదలాలి. ఎవరైనా వైరు గట్టిగా లాగితే చిట్టచివరగా ఊడాల్సింది అదే.

కంతలో కొత్త బుష్, దాని వెనక వైరుని పట్టి ఉంచే క్లాంపు. పాతకాలంలో లోపల ముడి వేసి వదిలేవాళ్ళు, ఇప్పుడు అది చాలదు. స్క్రూ కింద బిగించే తీగ కొసలకి సోల్డర్ పూయొద్దు. సీసం మెత్తన, నెలలు గడిచేకొద్దీ నొక్కుకుపోయి స్క్రూ వదులవుతుంది. క్రింప్ చేసిన (లోహపు తొడుగు వేసి నొక్కిన) కొస మేలు. వైండింగ్ నుంచి వచ్చే పాత తీగకి సోల్డర్ అతుకు వేస్తే దానిమీద స్లీవ్ తొడగాలి, టేపు కాదు. టేపు జిగురు ఎండిపోతే చుట్ట విప్పుకుంటుంది.

ఫ్యూజు. 30 వీఏకి గోడవైపు కరెంటు 0.13 యాంపులే. మీ గోడ సాకెట్ వెనకున్న బ్రేకరుకి ఇది దోమ కుట్టినట్టు కూడా ఉండదు, లోపల వైండింగ్ కాలిపోతున్నా అది కదలదు. ఫేజు తీగలో 315 మిల్లీయాంపుల స్లో ఫ్యూజు పెట్టించండి. ఆన్ చేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక గుక్క ఎక్కువ తాగుతుంది, అందుకే స్లో ఫ్యూజు అంటున్నాను. పట్టాలవైపు లోపల బైమెటల్ కటౌట్ (వేడెక్కితే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్చి) ఉండే ఉంటుంది, దాన్ని చివర్లో పరీక్షిద్దాం.

ఇక మళ్ళీ కరెంటు ఇవ్వడం. నేరుగా గోడకి పెట్టొద్దు. 30 మిల్లీయాంపుల ఆర్‌సీడీ (కరెంటు ఎర్త్‌కి లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉన్న సాకెట్ చూసుకోండి. దానికి సిరీస్ బోర్డు (కరెంటు ముందు బల్బులోంచి వెళ్ళేలా చేసిన బోర్డు) కలిపి, అందులో 40 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి, దాని ద్వారా ఇవ్వండి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. పట్టాలు కలపకుండా ఆన్ చేస్తే బల్బు చటుక్కున మెరిసి ఆరిపోవాలి, లేదా చాలా సన్నగా ఎర్రగా ఉండాలి. బాగా వెలుగుతూ ఉండిపోయిందంటే లోపల చుట్లు షార్ట్, అక్కడితో కథ ముగిసింది. అలాంటిదాన్ని ఇంట్లో మళ్ళీ చుట్టే సాహసం ఎవరూ చేయొద్దు. చుట్టడం నా వృత్తి, నేనే చెప్తున్నాను.

బల్బు ఆరితే సిరీస్ తీసేసి, పట్టాల బదులు కారు వెనక లైట్లో పెట్టే 12 వోల్టుల 21 వాట్ల బల్బు సెకండరీకి కలపండి. పిడి 12 వోల్టుల దగ్గర పెట్టి గంట కూర్చోండి. కూర్చోండి అంటే నిజంగా కూర్చోమనే, పొయ్యి మీద పని చూసుకోవడం కాదు. గంట తర్వాత ప్లగ్ పీకి డబ్బాకి అరచెయ్యి ఆనించండి. వెచ్చగా ఉంటే మామూలే. చెయ్యి ఆనించి ఉంచలేకపోతే, లేదా వార్నిష్ వాసన వస్తే, దాన్ని అల్మరాలో పెట్టేయండి. చివరగా సెకండరీని ఒకసారి షార్ట్ చేయమనండి. కొన్ని సెకన్లలో లోపల టిక్ మని కటౌట్ పడాలి. పది లెక్కపెట్టినా పడకపోతే ప్లగ్ పీకేసి, సెకండరీలో విడిగా 2 యాంపుల ఫ్యూజు పెట్టించండి.


పాతసామాను:

గుడ్డ అల్లిక మాట తెచ్చినందుకు బాబాయ్ గారికి దండం. అయితే ఒక్క మాట. నా దగ్గర బేకలైట్ డబ్బాది ఒకటుంది, బయట లోహమే లేదు. దానికి కూడా ఎర్త్ ఇవ్వాలా?


వైండింగ్‌షాపు:

బయట చెయ్యి తగిలే లోహం లేకపోతే ఎర్త్‌కి బిగించడానికి ఏముంది? కానీ అడుగున స్క్రూలు చూడండి. అవి లోపల కోర్‌కి దిగి ఉంటే అవే చేతికి తగిలే లోహం. అప్పుడు కోర్‌కి ఎర్త్ ఇవ్వండి. బేకలైట్‌లో పగులు ఉంటే మాత్రం అతికించి వాడొద్దు.


సూదీదారం:

చివరి రిపోర్టు.

బల్బు మెరిసి ఆరిపోయింది. ఆ అర సెకనులో నా టెన్షన్ చూసి ఎలక్ట్రీషియన్ అబ్బాయి నవ్వాడు. కారు బల్బు పెట్టి గంట కూర్చున్నాం. డబ్బా వెచ్చగా ఉంది, అంతే. కటౌట్ ఆరు లెక్కపెట్టేసరికి టిక్ మంది. వైరు వేశాక మెగ్గర్ మళ్ళీ తిప్పాడు, ముల్లు చివరికే వెళ్ళింది. డబ్బాకి టెస్టర్ పెట్టాను, చీకటే. పాత వైరు, ప్లగ్, చీలిన బుష్ ముక్కలతో సహా ఒక కవరులో వేసి చెక్కపెట్టెలో పెట్టాను, పాతసామాను గారి కోసం.

పిడి కింద కార్బన్ చక్రం ఇంకా సగం మిగిలి ఉంది. ఆల్కహాల్‌తో తుడిచేసరికి గుడ్డ మసిబారి, లోపలి రాగి చుట్లు కొత్త నాణెంలా బయటపడ్డాయి. అంతకుముందు నాలుగో గీత దగ్గర బండి తడబడేది, ఇప్పుడు తడబడటం లేదు.

సిగ్నల్‌దీపం గారి మాట కూడా కాదనలేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు నా కుట్టుమిషన్ బల్ల మీద, అమ్మాయికి అందనంత ఎత్తులో ఉంది. గోడవైపు వైరు బల్ల వెనకే ఉండిపోతుంది. నేలమీద పట్టాల దాకా దిగేవి 16 వోల్టుల తీగలు రెండే. ఒకటే ట్రాన్స్‌ఫార్మర్, ఒకటే లూపు. ఆట అయిపోగానే ప్లగ్ పీకేది నేనే.

పిడి నా దగ్గర ఉందని మొదటిరోజు పెద్ద గొడవ చేసింది. తర్వాత తనే దారి కనిపెట్టింది. ఇప్పుడు అది గార్డు, నేను డ్రైవరు. అది పచ్చ రుమాలు ఊపితేనే నేను పిడి కదపాలి. నిన్న జాకెట్టు చేతులు కుడుతూ రుమాలు చూసుకోలేదు. బండి రెండు నిమిషాలు లేటని నా పేరు మీద ఒక మెమో రాసి మిషన్‌కి అతికించింది.